జున్ను వద్దన్నాడు

జున్ను మొదటిసారి గుర్రుమన్నప్పుడు నేను వాడి మూతి మీద కొట్టాను.

2022 మే నెల, ఆదివారం మధ్యాహ్నం. కాలిఫోర్నియాలో మేముండే ప్లెజంటన్‌లో, మెయిన్ స్ట్రీట్ మీద ఒక రెస్టారెంటు బయట గొడుగు కింద కూర్చున్నాం. మా ఆయన, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, తెనాలి నుంచి వచ్చి అప్పటికి నెలైన మా అమ్మ, బల్ల కింద జున్ను. పక్క బల్ల దగ్గరి ఒకాయన లేచొచ్చి, ఎంత ముద్దుగా ఉన్నాడో అంటూ, నన్నేమీ అడక్కుండానే వంగి వాడి నెత్తి మీద చెయ్యి పెట్టాడు. జున్ను గొంతులోంచి సన్నగా, దూరంగా ఎక్కడో మోటారు తిరుగుతున్నట్టు ఒక చప్పుడు వచ్చింది. ఆయన చెయ్యి తీసేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నలుగురైదుగురు మా వైపు తిరిగి చూశారు. వాళ్ళ చూపులకి నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గులోనే వాడి మూతి మీద ఒకటేసి, "తప్పు" అన్నాను. ఆయనకి క్షమాపణ చెప్పాను. జున్ను చప్పుడు ఆపేశాడు. చెప్పిన మాట వింటాడు, మంచి కుక్క అనుకున్నాను.

మూడు నెలల తర్వాత అదే వీధిలో, ఏ చప్పుడూ చెయ్యకుండా ఒక చిన్నపిల్లని కరిచాడు.

ఈ రెండింటికీ మధ్య ఏం జరిగిందో ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. పోయిన నెల హైదరాబాద్ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్ళు కొత్తగా లాబ్రడార్ కుక్కపిల్లని తెచ్చుకున్నారు. "ఇక్కడ కూడా ఇప్పుడు కొన్ని కేఫుల్లో కుక్కల్ని రానిస్తున్నారక్కా, నువ్వు జున్నుని భలే తిప్పేదానివిగా, మాకూ కాస్త చెప్పు" అంది. చెప్పబోయి ఆగిపోయాను. ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

జున్నుని 2021 మార్చిలో కౌంటీ షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. అప్పటికి రెండేళ్ళు ఉంటాయన్నారు. అంతకుముందు ఎవరింట్లో ఉన్నాడో, ఎలా పెరిగాడో కాగితాల్లో లేదు. తెల్లటి ఒంటి మీద సన్నటి నల్లచుక్కలు, జున్ను మీద మిరియాల పొడి చల్లినట్టు ఉండేవాడు. మా ఆయన చూడగానే పెట్టిన పేరది. 23 కిలోల బరువు. ఇంట్లో వాడంత నెమ్మదస్తుడు ఉండడు. అమ్మాయి హోంవర్కు చేసుకుంటుంటే దాని పాదాల మీద గడ్డం ఆనించి గంటలకొద్దీ పడుకునేవాడు.

కోవిడ్ రోజులవి. లోపల కూర్చోబెట్టే వీల్లేక రెస్టారెంట్లు ఫుట్‌పాత్‌ల మీదా, కార్లు ఆపుకునే చోటా బల్లలు వేసేశాయి. చాలా వాటి ముందు కుక్క పాదం బొమ్మ, నీళ్ళ గిన్నె. నిజానికి కాలిఫోర్నియాలో 2014 దాకా బయటి బల్లల దగ్గరికైనా పెంపుడు కుక్కల్ని తీసుకురావడానికి రాష్ట్ర చట్టం ఒప్పుకునేది కాదు. చూపులేనివాళ్ళకీ మరో వైకల్యం ఉన్నవాళ్ళకీ తోడుండే సహాయ కుక్కలకే మినహాయింపు. ఆ ఏడు ఏబీ 1965 అనే చట్టం చేశారు, అది 2015 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. యజమానికి ఇష్టమైతే, ఆ ఊరి నిబంధనలు అడ్డు చెప్పకపోతే రానివ్వచ్చు. అయితే షరతులున్నాయి. కుక్కని రెస్టారెంటు లోపలి నుంచి తీసుకురాకూడదు, బయటి దారినే రావాలి. లీష్ తాడు ఉండాలి. కుర్చీల మీదికి, బెంచీల మీదికి, బల్లల మీదికి ఎక్కించకూడదు. వాటికి పెట్టే తిండి వాడి పారేసే పళ్ళెంలోనే పెట్టాలి. వడ్డించేవాళ్ళు వాటిని ముట్టుకోకూడదు, ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి.

ఇవన్నీ నాకు తెలిసింది ఆ పాపని కరిచాక. అప్పటిదాకా ఆ పాదం బొమ్మ కనబడితే చాలు, ఇక అన్నీ చెల్లుతాయనుకున్నాను. బాత్రూంకి వెళుతూ జున్నుని లోపలి నుంచి లాక్కెళ్ళాను. ఫొటో కోసం బెంచీ మీద కూర్చోబెట్టాను. నా పళ్ళెంలోంచే తినిపించాను. ఒకసారి గార్లిక్ ఫ్రైస్ పెట్టాను. వెల్లుల్లి పండించే గిల్‌రాయ్ మాకు దక్షిణాన దగ్గర్లోనే ఉంది, ఈ చుట్టుపక్కల ఆ ఫ్రైస్ దొరకని చోటుండదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఒంట్లో ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ఆ లక్షణాలు వెంటనే కాదు, కొన్ని రోజులు గడిచాక బయటపడతాయి. నేను పెట్టింది కొంచెమే కాబట్టి ఆ రాత్రి వాంతులతో పోయింది.

ఎందుకు తీసుకెళ్ళేదాన్నో కూడా చెప్పాలి. ఈ ఊళ్ళో పదేళ్ళుగా ఉంటున్నాం. ఆఫీసు, స్కూలు, మన ఇండియన్ స్టోరు, వారానికోసారి మన వాళ్ళతో భోజనాలు. మెయిన్ స్ట్రీట్ మీద నడిస్తే నన్ను పేరు పెట్టి పలకరించేవాళ్ళు ఒక్కరూ ఉండేవారు కాదు. జున్ను పక్కనుంటే జనం ఆగేవారు. వీడి పేరేంటి, ఏ జాతి, ఎక్కడ దొరికాడు అని అడిగేవారు. జున్ను అంటే ఏంటో చెప్పేదాన్ని, ఈనిన గేదె మొదటి పాలతో చేస్తారని, మిరియాలు వేస్తారని. ముగ్గురు నలుగురికి నా పేరు కూడా తెలిసింది. శనివారం వచ్చిందంటే నాకు ప్రాణం లేచొచ్చేది. వాడి కోసం తీసుకెళుతున్నానని అందరికీ చెప్పాను, నాకు నేనూ అదే చెప్పుకున్నాను. వెళ్ళింది నా కోసం.

మా అమ్మకి మొదటి రోజు నుంచీ ఇది నచ్చలేదు. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో కుక్క గడప దాటి లోపలికి వచ్చేది కాదు. "అన్నం తినే చోట కుక్కేంటే?" అంది. ఆచారం కొద్దీ అంటోందనుకున్నాను. కుర్చీ కొంచెం దూరంగా జరుపుకుని కూర్చునేది, పళ్ళెం ఒళ్ళోకి దగ్గరగా పెట్టుకునేది. అమ్మ కష్టాన్ని పట్టించుకోకుండా వారం వారం తీసుకెళ్ళానే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. అయితే కుక్కంటే గిట్టదనుకున్న అమ్మే, మా అందరికంటే ముందు వాణ్ణి చూసింది. జూన్ నెలలో, మంచి ఎండవేళ, కారు దిగి నడుస్తుంటే, "దాని కాళ్ళు కాలుతున్నాయేమో చూడవే, ఒకటి దించి ఒకటి ఎత్తుతోంది" అంది. మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా చేను గట్ల మీద నడిచిన మనిషి. గాలికి 25 డిగ్రీలున్నా ఎండ పడ్డ తారురోడ్డు 50 డిగ్రీలు దాటుతుంది. చేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలు కూడా ఆ వేడికి ఆగవు. ఆ రోజు నేను చెయ్యి ఆనించి చూడలేదు. నీడలోకి వెళుతున్నాంలే అమ్మా అన్నాను.

ఇంకో రోజు బల్ల కిందికి తొంగిచూసి, "దానికి ఇక్కడ ఉండటం ఇష్టం లేదే" అంది.

"నీకు ఇష్టం లేదు. వాడి మీద పెట్టి చెబుతున్నావు" అన్నాను.

అమ్మ ఇక మాట్లాడలేదు.

ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం. వీధి చివర ఎవరో గిటారు వాయిస్తున్నారు, బల్లలన్నీ నిండిపోయాయి. లీష్‌ని బల్ల కాలికి రెండు చుట్లు చుట్టి ముడేశాను. చేతిలో పట్టుకుంటే తినడం కష్టమని ఎప్పుడూ అలాగే చేసేదాన్ని. పక్క బల్ల దంపతులకి ఫోన్లో జున్ను ఫొటోలు చూపిస్తున్నాను. నాలుగేళ్ళుంటాయేమో, ఒక పాప వెనక నుంచి పరుగెత్తుకొచ్చి వాడి మెడని రెండు చేతులా కావలించుకుంది.

గుర్రుమనలేదు. మొరగలేదు. ఒక్కసారి తల తిప్పి పళ్ళు వేశాడు. వెంటనే వెనక్కి పోబోయాడు. పోవడానికి చోటులేదు, లీష్ బల్లకి ఉంది. బల్ల ఒక పక్కకి ఈడ్చుకుపోయి నీళ్ళ జగ్గు కిందపడి పగిలింది. ఆ గాజుముక్కల మధ్య తోక కాళ్ళ సందున దూర్చుకుని, ఒళ్ళంతా వణుకుతూ నిలబడ్డాడు. పాప ముంజేతి మీద రెండు గీతలు, వాటి వెంట సన్నగా రక్తం. పిల్ల ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నేను కూర్చున్నచోటే కొయ్యబారిపోయాను. లేచింది అమ్మ. "సబ్బు నీళ్ళే, ముందు సబ్బు నీళ్ళు" అని తెలుగులోనే అరుస్తూ పాప వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. మా చిన్న మావయ్యని పన్నెండో ఏట పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు వేశారు. ఆ రోజుల్లో వేసే టీకా అలాంటిది. కరిచిన చోట సబ్బుతో ధారగా కడగాలన్నది అమ్మ అప్పుడు నేర్చుకుంది. మా ఆయన ఇంగ్లీషులో చెబుతూ వాళ్ళని లోపలి సింకు దగ్గరికి తీసుకెళ్ళారు. పదిహేను నిమిషాలు కడిగారు.

కుక్కకాటు చూసిన డాక్టరు ఇక్కడ అధికారులకి తెలియజెయ్యాలి. మర్నాడే జంతు నియంత్రణ అధికారి వచ్చారు. జున్నుకి టీకాలన్నీ ఉన్నా 10 రోజులు ఇంట్లోనే కట్టడిలో ఉంచమన్నారు. కరిచే సమయానికి లాలాజలంలో రేబిస్ ఉన్న కుక్క ఆ పది రోజుల్లో జబ్బుపడి చచ్చిపోతుంది, ఆరోగ్యంగా ఉంటే భయం లేదు. "మా ఊళ్ళోనూ పది రోజులు చూడమనే అనేవాళ్ళు" అంది అమ్మ. కాలిఫోర్నియా చట్టం ప్రకారం, అంతకుముందు ఎన్నడూ కరవని కుక్కైనా సరే, బహిరంగ స్థలంలో కరిస్తే నష్టానికి యజమానిదే బాధ్యత. ఆసుపత్రి ఖర్చులు కట్టాం, ఉత్తరం రాశాం. పాప తల్లిదండ్రులు నన్నొక్క మాట అనలేదు. డిసెంబరులో క్రిస్మస్ దీపాలు చూడ్డానికి వెళ్ళినప్పుడు వాళ్ళు దూరం నుంచి కనిపించారు. ఎవరిదో చిన్న కుక్క, పిల్లి అంత ఉంటుంది, పక్క నుంచి పోయింది. ఆ పాప వాళ్ళ నాన్న మీదికి ఎగబాకి మెడలో మొహం దాచుకుంది. నేను పక్క సందులోకి తిరిగి వెళ్ళిపోయాను.

కట్టడి రోజుల్లోనే కుక్కల ప్రవర్తన తెలిసిన ఒక శిక్షకురాల్ని ఇంటికి పిలిచాం. ఆవిడ జున్నుని ముట్టుకోలేదు, వాడి వైపు నేరుగా చూడను కూడా చూడలేదు. ఒక మూల కింద కూర్చుని నన్ను అడిగింది, ఇంతకుముందు ఎప్పుడైనా గుర్రుమన్నాడా అని. మే నెల సంగతి చెప్పాను. మూతి మీద కొట్టిన సంగతి చెప్పేటప్పుడు నా గొంతు తగ్గిపోయింది. ఆవిడ నన్ను తిట్టలేదు. గుర్రుమంటే దెబ్బ పడుతుందని వాడు నేర్చుకున్నాడని చెప్పింది. కొత్తవాళ్ళు మీదికొస్తే కలిగే భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. భయం అలాగే ఉంది, అది చెప్పుకునే దారి నేను మూసేశాను. అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2021లో ఇచ్చిన ప్రకటనలో కూడా, కుక్కలకి దండనతో నేర్పవద్దని స్పష్టంగా ఉంది.

తర్వాత ఫోన్లో ఉన్న పాత వీడియోలు చూపించమంది, శబ్దం ఆపేసి. రెస్టారెంటు బల్ల కింద జున్ను పడుకుని ఉన్న రెండు నిమిషాల వీడియో ఒకటుంది. దాన్ని మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను, "పాపం జున్నుకి నిద్రొస్తోంది" అని రాసి. ఆవిడ దాన్ని ఆపి ఆపి చూపించింది. ఆవులింతలు ఆరు. ఎదురుగా తిండి లేకపోయినా మూతి నాక్కోవడం పదకొండు సార్లు. ఎవరు పక్కనుంచి నడిచినా తల అవతలికి తిప్పేసుకున్నాడు, కంటి చివర తెల్లగుడ్డు నెలవంకలా కనబడింది. చెవులు వెనక్కి అతుక్కుపోయి ఉన్నాయి. వేడి లేదు, అయినా రొప్పుతున్నాడు. నిద్ర కాదు అది. రెండు నిమిషాల పాటు వాడు తనకి చేతనైన ప్రతి విధంగానూ వద్దు వద్దంటున్నాడు. నేను దాన్ని రికార్డు చేశాను కూడా. నార్వేకి చెందిన టూరిడ్ రూగోస్ అనే శిక్షకురాలు ఈ సైగల్ని ఏళ్ళ తరబడి గమనించి పుస్తకమే రాసింది. దాన్ని తెప్పించుకుని చదివాను. ఆ వీడియో మళ్ళీ చూడాలంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

కుక్కపిల్లకి మనుషులూ చప్పుళ్ళూ కొత్త చోట్లూ భయం లేకుండా అలవాటయ్యే వయసు చాలా చిన్నది. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా అని 1965లో అచ్చైన స్కాట్, ఫుల్లర్‌ల పరిశోధన చెప్పింది. జున్ను ఆ వారాలు ఎక్కడ గడిపాడో మాకు తెలీదు. అలాంటివాణ్ణి, ఎదురుగా మాంసం వాసనలూ నెత్తిన పళ్ళేల చప్పుళ్ళూ నాలుగు వైపులా కొత్త కాళ్ళూ ఉండే చోట, గంటన్నరసేపు ఒక ఇనప కాలికి కట్టేసి కూర్చోబెట్టాను.

ఆ పది రోజుల్లోనే ఒక రాత్రి అమ్మ వాళ్ళ ఊరి కుక్క సంగతి చెప్పింది. రాజు అని పిలిచేవారట. మెడకి పట్టెడ లేదు, గొలుసు లేదు. అరుగు కింద పడుకునేది. "మేం పిల్లలం దాని తోక పట్టుకుని లాగేవాళ్ళం. ఒకసారి మూలిగేది, ఇంకోసారి లాగితే లేచి వెళ్ళి చింతచెట్టు కింద పడుకునేది. మీ తాతయ్య ఇక దాని జోలికి పోనిచ్చేవాడు కాదు" అంది. అందులో నన్ను దెప్పిపొడవడం ఏమీ లేదు, చిన్నప్పటి మాట గుర్తొచ్చి చెప్పింది. కానీ నాకు ఆ చింతచెట్టు మనసులో నిలిచిపోయింది. రాజుకి లేచి వెళ్ళడానికి ఒక చోటుంది. జున్ను కూడా అదే చేసేవాడు, ముడి లేకపోతే.

అమ్మ ఆ రోజుల్లో తన పాత నేత చీరలు రెండు మడిచి జున్నుకి ఒక చిన్న బొంత కుట్టింది. ఎందుకు కుట్టిందో నేను అడగలేదు, అమ్మా చెప్పలేదు. శిక్షకురాలు నేర్పిన పాఠాలన్నీ ఆ బొంత మీదే సాగాయి. దాని మీద పడుకుంటే చిన్న కోడిముక్క. ముందు హాల్లో, తర్వాత పెరట్లో, తర్వాత ఎవరూ లేని పార్కులో. రెస్టారెంట్ల వీధికి వెళ్ళడానికి ఏడు నెలలు పట్టింది. అదీ బల్ల దగ్గరికి కాదు, రోడ్డుకి అవతలి పక్క బెంచీ మీద ఐదు నిమిషాలు.

అక్కడే ఒకసారి ఆకుపచ్చ కోటు వేసుకున్న కుక్కపిల్లని చూశాను. 1942లో మొదలైన, ఇప్పుడు మాకు వాయవ్యాన శాన్ రఫేల్‌లో ఉన్న 'గైడ్ డాగ్స్ ఫర్ ద బ్లైండ్' అనే సంస్థ కోటు అది. అక్కడ పుట్టిన కుక్కపిల్లల్ని వాలంటీర్లు ఏడాదికి పైగా ఇళ్ళల్లో పెంచి, బజార్లకీ రెస్టారెంట్లకీ తిప్పి తిరిగి అప్పగిస్తారు. చూపులేనివాళ్ళకి దారి చూపించాల్సిన కుక్కలవి. ఆ పిల్ల ఒకావిడ కుర్చీ కింద మెదలకుండా పడుకుని ఉంది. పదిహేను నిమిషాలు కాలేదు, ఆవిడ సగం తిన్నది పొట్లం కట్టించుకుని లేచింది. అప్పుడే వెళ్ళిపోతున్నారా అని అడిగాను. దీనికి ఇంకా బాగున్నప్పుడే వెళ్ళిపోవాలి కదా అంది. అంత ఓర్పున్న కుక్కకి కూడా పదిహేను నిమిషాలు. నేను జున్నుని ఎంతెంతసేపు కూర్చోబెట్టానో లెక్కపెట్టుకుంటూ ఇంటికొచ్చాను.

ఇప్పుడు శనివారం సాయంత్రాలు జున్ను ఇంట్లోనే ఉంటాడు. తాలింపు వెయ్యని పెరుగన్నం కాంగ్ అనే బోలు రబ్బరు బొమ్మలో కూరి గడ్డకట్టించి ఇస్తాం. గంటసేపు దానితోనే ఉంటాడు. మేం వెళ్ళేటప్పుడు తల ఎత్తి కూడా చూడడు. అది చూసి మొదట్లో నాకు కాస్త కష్టమనిపించింది. చెల్లెలికి ఫోన్లో చెప్పబోయి ఆగింది ఇది. నీ కుక్కపిల్లకి కేఫ్ నచ్చచ్చు, చాలా కుక్కలకి నచ్చుతుంది, నిక్షేపంగా తీసుకెళ్ళు. కానీ ఫోన్ సంచీలో పెట్టు, లీష్ చేతిలో పట్టుకో, గోడవారగా కూర్చో, బల్ల కిందికి చూస్తూ ఉండు. అంతకంటే నాకు తెలిసింది లేదు.

2023 అక్టోబరులో ఒక మంగళవారం మూడింటికి, ఎవరూ ఉండని వేళ చూసుకుని, చివరి బల్ల దగ్గర కూర్చున్నాను. బొంత పరిచాను, జున్ను దాని మీద ఒక పక్కకి ఒరిగి పడుకున్నాడు. డబ్బులు ముందే ఇచ్చేశాను. కాఫీ సగం తాగేసరికి ఒక పెద్దాయన నవ్వుతూ వచ్చి వంగబోయాడు. జున్ను మూతి నాక్కున్నాడు. తల అవతలికి తిప్పాడు. తర్వాత, పదిహేడు నెలల తర్వాత, వాడి గొంతులోంచి సన్నగా ఆ చప్పుడు వచ్చింది.

నేను లేచి వాళ్ళిద్దరి మధ్యా నిలబడ్డాను. వీడికి ఇష్టం లేదండీ, ఏమీ అనుకోకండి అన్నాను. పెద్దాయన చేతులు పైకెత్తి రెండడుగులు వెనక్కి వేశాడు. బొంత తీసి చంకలో పెట్టుకున్నాను. కాఫీ అలాగే వదిలేసి ఇద్దరం కారు దగ్గరికి నడిచాం. వెనక తలుపు తీసి, వాడు ఎక్కి కూర్చున్నాక, జేబులో ఉన్న కోడిముక్కలన్నీ వాడికే పెట్టాను. ఇంటికెళ్ళేలోగా తెనాలికి ఫోన్ చేశాను. అక్కడ ఇంకా తెల్లారలేదు. "ఏమైందే?" అంది అమ్మ కంగారుగా. "జున్ను గుర్రుమన్నాడమ్మా" అన్నాను, ఏడుస్తూ.